ఉత్తరాది భూములు ఉత్తరాది చేతికి: నునావుట్‌కు అధికారంతో పాటు ఇంకేం వస్తున్నాయి?

కెనడా ఉత్తరాది టెరిటరీ నునావుట్‌కు రాజధాని ఇకాలుయిట్. 2024 జనవరి 18న ఆ పట్టణంలో ముగ్గురు ఒక ఒప్పందం మీద సంతకాలు చేశారు. ఒకరు అప్పటి కెనడా ప్రధాని జస్టిన్ ట్రూడో. ఇంకొకరు నునావుట్ ప్రభుత్వానికి అప్పటి అధినేత, అంటే ప్రీమియర్, పీజే అకీఅగాక్. మూడో వ్యక్తి అక్కడి ఆదివాసీలైన ఇన్యూట్ ప్రజల తరఫున మాట్లాడే నునావుట్ తుంగావిక్ సంస్థకు అప్పటి అధ్యక్షురాలు అలూకీ కోటియర్క్. నునావుట్‌లోని ప్రభుత్వ భూములు, నదులు, సరస్సుల నీరు, నేల కింది ఖనిజాలు, చమురు, గ్యాస్ మీద ఇంతకాలం కేంద్రానిదే పెత్తనం. ఆ ఒప్పందం ప్రకారం 2027 ఏప్రిల్ 1 నాటికి అది స్థానిక ప్రభుత్వానికి దఖలు పడాలి. కెనడా చరిత్రలో ఒకేసారి ఇంత భూమి ఒక ప్రభుత్వం నుంచి మరో ప్రభుత్వానికి మారడం ఎన్నడూ లేదు.

నునావుట్ విస్తీర్ణం దాదాపు 21 లక్షల చదరపు కిలోమీటర్లు. భారతదేశంలో మూడింట రెండు వంతులకు దగ్గరగా ఉంటుంది. 2021 జనాభా లెక్కల్లో తేలిన మనుషులు మాత్రం 37 వేల లోపే. మన దగ్గర ఒక మామూలు మండలంలో అంతకంటే ఎక్కువ మందే ఉంటారు. వాళ్లలో నూటికి 85 మంది వరకు ఇన్యూట్‌లు. ఉన్నవి 25 ఊళ్లు. ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి రోడ్డు లేదు. ఏ కాలమైనా విమానం, మంచు కరిగిన నెలల్లో ఓడ, చలికాలంలో గడ్డకట్టిన సముద్రం మీద స్నోమొబైల్. అలాంటి చోట ఒక గనికి లీజు ఇవ్వాలా వద్దా, ఒక నది నీళ్లు ఎంత వాడుకోవచ్చు అన్న ఫైలు ఇప్పటికీ రెండు వేల కిలోమీటర్ల దూరంలోని దేశ రాజధాని ఒట్టావాలో ఒక కేంద్ర మంత్రి బల్ల మీదికి చేరుతోంది. దీన్ని మార్చాలని అక్కడివాళ్లు అడగడంలో న్యాయం ఉంది. ఇందులో రెండో మాటకు తావు లేదు.

అయితే అధికారం ఎవరికి వెళ్తోంది అన్నది తేలినంత మాత్రాన కథ అయిపోదు. దాంతో పాటు ఎంత డబ్బు వస్తుంది, ఏ చట్టాలు వస్తాయి, ఏ పాత బాకీలు నెత్తిన పడతాయి, ఆ పని చేయడానికి మనుషులు ఎక్కడి నుంచి వస్తారు? అసలు ప్రశ్నలు ఇవే. నునావుట్ కంటే ముందు ఇదే దారిలో నడిచిన టెరిటరీలు రెండున్నాయి. యూకాన్‌కు ఈ అధికారాలు 2003 ఏప్రిల్ 1న వచ్చాయి, నార్త్‌వెస్ట్ టెరిటరీస్‌కు 2014 ఏప్రిల్ 1న. ఆ రెండు చోట్ల జరిగింది చూస్తే నునావుట్‌కు ఎదురుకాబోయేది చాలావరకు అర్థమవుతుంది.

ఇంతకాలం ఎందుకు లేదు?

కెనడాలో ప్రావిన్సులు వేరు, టెరిటరీలు వేరు. ప్రావిన్సుకు అధికారాలు రాజ్యాంగం నుంచి వస్తాయి. టెరిటరీకి పార్లమెంటు చేసిన చట్టం నుంచి వస్తాయి. మన రాష్ట్రాలకు, కేంద్రపాలిత ప్రాంతాలకు ఉన్న తేడా లాంటిదే ఇదీ. 1867 నాటి రాజ్యాంగ చట్టం 109వ సెక్షన్ ప్రకారం భూములు, గనులు, ఖనిజాలు, వాటి మీద రాయల్టీ ప్రావిన్సులవే. అల్బర్టా చమురు మీద వచ్చే రాయల్టీ అల్బర్టా ఖజానాకు వెళ్లేది అందుకే.

కానీ ఆ అల్బర్టాకు కూడా ఇది పుట్టుకతో రాలేదు. హడ్సన్స్ బే కంపెనీ చేతిలో ఉన్న రూపర్ట్స్ ల్యాండ్ అనే పెద్ద భూభాగాన్ని కెనడా 3 లక్షల పౌండ్లకు తీసుకుంది. 1870లో అది కెనడాలో కలిసింది. ఆ నేల మీద తరతరాలుగా బతుకుతున్న క్రీ, డెనె, మెటీ, ఇన్యూట్ ప్రజలను ఎవరూ ఒక్క మాట అడగలేదు. ఆ భూభాగంలో నుంచి ప్రావిన్సులుగా ఏర్పడిన మానిటోబా, సస్కాచవాన్, అల్బర్టాలకు పేరుకు ప్రావిన్సు హోదా ఇచ్చి, భూములు మాత్రం ఒట్టావా తన దగ్గరే ఉంచుకుంది. రైల్వే వేయాలి, వలస వచ్చే రైతులకు పొలాలు పంచాలి అన్నది అప్పటి సాకు. ఆ భూములు ఆ ప్రావిన్సుల చేతికి రావడానికి 1930 దాకా పట్టింది. మానిటోబా అరవై ఏళ్లు ఎదురుచూసింది.

ఇంకా ఉత్తరాన ఉన్నవాళ్లకు అంత మాత్రం కూడా దక్కలేదు. నార్త్‌వెస్ట్ టెరిటరీస్ ప్రభుత్వం 1967 వరకు ఆ నేల మీద కాకుండా ఒట్టావాలోనే ఉండేది. ఆ ఏడాది కమిషనర్ స్టువర్ట్ హాడ్జ్‌సన్ తన సిబ్బందితో, కాగితాలతో విమానంలో ఎల్లోనైఫ్ వచ్చి దిగాకే ఉత్తరాదిలో ఉత్తరాది ప్రభుత్వం మొదలైంది. తర్వాత ఒక్కొక్కటిగా బడులు, ఆసుపత్రులు, రోడ్లు, ఇళ్లు, అడవులు స్థానిక ప్రభుత్వాలకు వచ్చాయి. అన్నిటికంటే ఆఖరుకు మిగిలింది భూమి, దాని కింద ఉన్నది. డబ్బు ఉన్నది అక్కడే కాబట్టి అది ఆఖరుకు మిగలడంలో ఆశ్చర్యం లేదు.

నునావుట్‌లో ఒక విశేషం ఉంది. అక్కడ భూమి హక్కుల ఒప్పందం ముందు వచ్చింది, టెరిటరీ తర్వాత పుట్టింది. 1993 మే 25న ఇన్యూట్‌లకు, కెనడాకు మధ్య కుదిరిన ఒప్పందంతో దాదాపు 3.5 లక్షల చదరపు కిలోమీటర్ల భూమి ఇన్యూట్‌ల సొంతమైంది. అందులో దాదాపు పదో వంతు భూమిలో నేల కింది ఖనిజాల మీద కూడా హక్కు వాళ్లదే. దానికి బదులుగా మిగతా భూమి మీద తమ ఆదిమ హక్కును వాళ్లు వదులుకున్నారు. ఆ ఒప్పందంలో భాగంగానే 1999 ఏప్రిల్ 1న నునావుట్ టెరిటరీ ఏర్పడింది. కాబట్టి 2027లో చేతులు మారేది ఇన్యూట్‌ల సొంత భూమి కాదు. మిగిలిన 80 శాతానికి పైగా ప్రభుత్వ భూమి. ఇన్యూట్ సంస్థ సంతకం దీనికి ఎందుకు కావాల్సి వచ్చిందంటే, ఆ భూమి మీద జరిగే ప్రతి నిర్ణయంలో వాళ్లకు ఒప్పందం ఇచ్చిన వాటా ఉంది. భూ వినియోగ ప్రణాళిక, పర్యావరణ ప్రభావ సమీక్ష, నీటి లైసెన్సులు, వన్యప్రాణుల సంరక్షణ చూసే నాలుగు బోర్డుల్లో సభ్యుల్ని సూచించే హక్కు వాళ్లది.

వంద డాలర్లలో చేతికొచ్చేది

గనులు మనవైతే డబ్బు మనదే కదా అనిపిస్తుంది. లెక్క అంత తేలిగ్గా లేదు.

టెరిటరీ బడ్జెట్‌లో ఎక్కువ భాగం కేంద్రం ఇచ్చే గ్రాంటే. దాని సూత్రం ఇలా ఉంటుంది: ఆ టెరిటరీకి అయ్యే ఖర్చును ఒక పద్ధతిలో అంచనా కడతారు, అందులోంచి అది సొంతంగా సంపాదించుకోగల ఆదాయాన్ని తీసేస్తారు, మిగిలినది గ్రాంటుగా ఇస్తారు. ఈ సూత్రంలో ఖనిజాల రాయల్టీని కూడా సొంత ఆదాయంగా పూర్తిగా కలిపేస్తే, గని నుంచి వచ్చిన ప్రతి డాలర్‌కూ గ్రాంటు ఒక డాలర్ తగ్గిపోతుంది. అధికారం వచ్చినా పైసా మిగలదు. అందుకే బేరమంతా ఈ ఒక్క అంశం చుట్టూ తిరిగింది.

నార్త్‌వెస్ట్ టెరిటరీస్‌కు కుదిరిన బేరం ఇది: ప్రభుత్వ భూముల మీది వనరుల ఆదాయంలో సగం టెరిటరీ ఉంచుకోవచ్చు, గ్రాంటు తగ్గదు. కానీ ఆ సగానికీ ఒక గరిష్ఠ పరిమితి ఉంది. గ్రాంటు లెక్కకు వాడే ఖర్చు అంచనాలో 5 శాతం దాటకూడదు. టెరిటరీకి వచ్చిన దాంట్లో 25 శాతం వరకు, ఒప్పందంలో చేరిన ఆదివాసీ ప్రభుత్వాలకు పంచాలి. అంటే ఒక గని వంద డాలర్లు రాయల్టీ కడితే యాభై ఒట్టావా లెక్కలోకి పోతాయి. మిగతా యాభైలో పన్నెండున్నర వరకు ఆదివాసీ ప్రభుత్వాలకు వెళ్తుంది. ముప్పై ఏడున్నర టెరిటరీ ఖజానాకు వస్తుంది.

పైగా ఆ వంద డాలర్లు ఎప్పుడు వస్తాయన్నది ఇంకో సంగతి. అక్కడ గనుల రాయల్టీ తవ్విన టన్నుల మీద కాకుండా లాభాన్ని బట్టి లెక్కగడతారు. గని కట్టడానికి పెట్టిన పెట్టుబడి తీసేయవచ్చు. కాబట్టి మొదటి కొన్నేళ్లు రాయల్టీ నామమాత్రంగా ఉంటుంది, ఆఖరు ఏళ్లలో గని సరుకు తగ్గి మళ్లీ పడిపోతుంది. 1991లో లాక్ డె గ్రా సరస్సు దగ్గర వజ్రాలు దొరికాయి. 1998లో ఎకాటి గని, 2003లో డయావిక్, 2008లో స్నాప్ లేక్ తెరుచుకున్నాయి. టెరిటరీ చేతికి అధికారాలు వచ్చిన మరుసటి ఏడాది, 2015 డిసెంబరులోనే స్నాప్ లేక్ మూతపడింది. డయావిక్‌లో తవ్వకం 2026తో ముగుస్తుందని యాజమాన్యం ఎప్పుడో చెప్పేసింది. ల్యాబ్‌లో తయారయ్యే వజ్రాలు వచ్చాక సహజ వజ్రాల ధర పడిపోయింది. దశాబ్దాల పాటు అడిగి సాధించుకున్న హక్కు, వజ్రాల కాలం చివరికి వచ్చేసరికి చేతికి అందింది. ఆలస్యానికి చెల్లించే ధర ఇలాగే ఉంటుంది.

ఒట్టావా తనకు ముఖ్యమనుకున్నవి వదులుకోలేదని కూడా గుర్తుంచుకోవాలి. 1920లో చమురు దొరికిన నార్మన్ వెల్స్ క్షేత్రం నార్త్‌వెస్ట్ టెరిటరీస్ నడిబొడ్డున ఉంది. అందులో మూడో వంతు వాటా కేంద్రానిదే. 2014 బదిలీలో ఆ క్షేత్రాన్ని మినహాయించి కేంద్రం తన దగ్గరే ఉంచుకుంది.

నునావుట్ బేరం కూడా దాదాపు ఇదే నమూనాలో సాగింది. అదనంగా, 1993 ఒప్పందం ప్రకారం ప్రభుత్వానికి ఏటా వచ్చే రాయల్టీలో మొదటి 20 లక్షల డాలర్లలో సగం, ఆపై వచ్చే దాంట్లో 5 శాతం ఇన్యూట్‌లకు చేరాలి. మొత్తానికి, అధికార బదిలీతో నునావుట్ ధనిక ప్రాంతం అయిపోతుందని ఎవరైనా చెబితే నమ్మాల్సిన పని లేదు. దీని విలువ డబ్బులో కంటే నిర్ణయంలో ఎక్కువ ఉంది.

పాత చట్టాల నకళ్లు

బదిలీ జరిగే రోజు అర్ధరాత్రి పాలనలో ఖాళీ ఏర్పడకూడదు. అందుకని అప్పటిదాకా ఉన్న కేంద్ర చట్టాలను దాదాపు అక్షరం మార్చకుండా టెరిటరీ శాసనసభ తన చట్టాలుగా ఆమోదిస్తుంది. పేరు మారుతుంది, మంత్రి మారతాడు, సెక్షన్లు అవే. తర్వాత తీరిగ్గా మార్చుకోవచ్చన్నది ఉద్దేశం. తీరిక దొరకడమే కష్టం.

యూకాన్‌లో దీనికి ఒక మంచి ఉదాహరణ ఉంది. వాగుల ఇసుకలో దొరికే బంగారాన్ని టెరిటరీ బయటికి పంపితే కట్టాల్సిన రాయల్టీ ఔన్సుకు 37.5 సెంట్లు. క్లోండైక్ బంగారు వేట సద్దుమణుగుతున్న 1906 నాటి చట్టంలో ఔన్సు బంగారం విలువను 15 డాలర్లుగా లెక్కవేసి, దాని మీద రెండున్నర శాతం పెట్టారు. ఇప్పుడు ఔన్సు ధర వేల డాలర్లలో ఉంది. చట్టం యూకాన్ చేతికి వచ్చి ఇరవై ఏళ్లు దాటినా ఆ 15 డాలర్ల లెక్కను కదిలించడానికి చేతులు రాలేదు. తప్పంతా ఒట్టావాదేనని చెప్పుకునే వీలు 2003తో పోయింది. బంగారం తవ్వుకు బతికే చిన్న చిన్న కుటుంబాలు, వాళ్ల ఓట్లు, స్థానిక రాజకీయం, ఇవన్నీ దగ్గరి ప్రభుత్వానికి దగ్గరి ఇబ్బందులు.

పాత చట్టంతో పాటు పాత అన్యాయం కూడా నకలవుతుంది. యూకాన్ గనుల చట్టం ప్రకారం ఎవరైనా వెళ్లి రెండు కొయ్యలు పాతి, దరఖాస్తు ఇచ్చి ఖనిజ హక్కు నమోదు చేసుకోవచ్చు. ఆ నేల మీద హక్కు ఉందంటున్న ఆదివాసీలకు ముందు చెప్పాల్సిన పని లేదు. రాస్ రివర్ డెనా ప్రజలు కోర్టుకెళ్లారు. ఇలా హక్కులు నమోదు చేసే ముందు వాళ్లను సంప్రదించాల్సిన బాధ్యత ప్రభుత్వానికి ఉందని 2012లో యూకాన్ అప్పీలు కోర్టు తేల్చింది. ఆ కేసులో ప్రతివాది ఒట్టావా కాదు, యూకాన్ ప్రభుత్వమే.

పీల్ నదీ పరీవాహకం విషయంలో ఇది ఇంకా స్పష్టంగా కనపడింది. దాదాపు 68 వేల చదరపు కిలోమీటర్ల అడవి, కొండలు, నదులు. ఆదివాసీ ప్రభుత్వాలతో కుదిరిన ఒప్పందాల ప్రకారం ఏర్పడిన ప్రణాళికా సంఘం ఏళ్ల తరబడి ఊరూరా మాట్లాడి, 80 శాతం భూమిని గనులకు దూరంగా ఉంచాలని 2011లో సిఫారసు చేసింది. యూకాన్ ప్రభుత్వం అన్నేళ్ల పనిని పక్కన పెట్టి, 29 శాతానికే రక్షణ ఇస్తూ 2014లో తన సొంత ప్రణాళిక తెచ్చింది. నాచో న్యాక్ డున్, ట్రాండెక్ హ్వెచిన్ తదితర ఆదివాసీ ప్రభుత్వాలు సుప్రీంకోర్టు దాకా వెళ్లాయి. 2017 డిసెంబరు 1న కోర్టు వాళ్ల పక్షాన తీర్పు చెప్పింది. చివరికి 2019లో ఆమోదించిన ప్రణాళికలో 83 శాతానికి రక్షణ దక్కింది. ప్రభుత్వం పక్క వీధిలో ఉన్నంత మాత్రాన అది మనదైపోదని ఆ ఆదివాసీలు ఖర్చుపెట్టి నేర్చుకోవాల్సి వచ్చింది.

ఒట్టావా కూడా ఒక చేత్తో ఇస్తూ ఇంకో చేత్తో తీసుకోవడానికి వెనకాడలేదు. నార్త్‌వెస్ట్ టెరిటరీస్‌కు అధికారాలిచ్చిన 2014 చట్టంలోనే, త్లీచో, సహ్తు, గ్విచిన్ ప్రాంతాల్లో భూమి, నీటి అనుమతులు చూసే ప్రాంతీయ బోర్డులను రద్దు చేసి ఒకే పెద్ద బోర్డు పెట్టే నిబంధన చేర్చింది. ఆ బోర్డులు ఆదివాసీ ఒప్పందాల నుంచి పుట్టినవి. త్లీచో ప్రభుత్వం కోర్టుకెక్కి 2015 ఫిబ్రవరిలో స్టే తెచ్చుకుంది. 2019లో పార్లమెంటు ఆ నిబంధనను వెనక్కి తీసుకుంది. అధికారం కింది దాకా దిగాలని నిజంగా అనుకునేవాళ్లు చేయాల్సిన పని కాదది.

విషం ఎవరి లెక్కలో?

అధికార బదిలీ ఒప్పందాల్లో పత్రికల్లో పెద్దగా కనపడని భాగం వదిలేసిన గనుల గురించి. నిజానికి అన్నిటికంటే బరువైన భాగం అదే.

ఎల్లోనైఫ్ పట్టణాన్ని ఆనుకొని జెయింట్ మైన్ అనే బంగారు గని ఉంది. 1948 నుంచి 2004 దాకా నడిచింది. అక్కడి రాయిని కాల్చి బంగారం తీసేటప్పుడు ఆర్సెనిక్ పొగ వచ్చేది. మొదటి ఏళ్లలో దాన్ని అలాగే గాలిలోకి వదిలేశారు. అది మంచు మీద పడింది, ఆ మంచును కరిగించి తాగడం అక్కడి డెనె కుటుంబాలకు అలవాటు. 1951లో ఆ నీళ్ల వల్లే ఓ డెనె పసిబిడ్డ ప్రాణం పోయింది. తర్వాత ఆ పొగలోని ధూళిని పట్టి గని లోపలి గదుల్లో దాచడం మొదలుపెట్టారు. ఇవాళ అలా నేల కింద పేరుకున్న ఆర్సెనిక్ ట్రయాక్సైడ్ 2.37 లక్షల టన్నులు. చెంచాలో కొసరంత చాలు ఒక మనిషిని చంపడానికి. 1999లో కంపెనీ దివాలా తీసింది. చుట్టూ నేలను గడ్డకట్టించి ఆ విషాన్ని కదలకుండా ఉంచడమే ఇప్పటికి దొరికిన దారి. శుద్ధి పనుల ఖర్చు అంచనా 2022 నాటికి 438 కోట్ల డాలర్లు. మొత్తం టెరిటరీ జనాభా 45 వేల దరిదాపుల్లో ఉన్న చోట ఇది ఎవరూ మోయగలిగే బరువు కాదు. 2014 ఒప్పందంలో ఈ బాధ్యత కేంద్రం దగ్గరే ఉండిపోయింది. యూకాన్‌లోని ఫారో సీసం, జింకు గని విషయంలోనూ అంతే. 1998లో మూతపడ్డ ఆ గనిలో 7 కోట్ల టన్నుల వ్యర్థ బురద, 32 కోట్ల టన్నుల వ్యర్థ రాయి మిగిలాయి. శుద్ధి ఖర్చు ఒట్టావాదే.

సూత్రం సూటిగా చెప్పాలంటే ఇదీ: బదిలీ తేదీకి ముందు జరిగిన పాడు కేంద్రానిది, తర్వాత జరిగేది టెరిటరీది. వినడానికి న్యాయంగానే ఉంది. ఆ రెండో సగం ఎంత బరువో 2024లో తెలిసింది.

యూకాన్‌లో నాచో న్యాక్ డున్ ప్రజల సంప్రదాయ భూభాగంలో ఈగిల్ బంగారు గని ఉంది. అక్కడ ముడి రాయిని పెద్ద గుట్టగా పోసి పై నుంచి సయనైడ్ ద్రావణం చిలకరిస్తారు. బంగారం కరిగి కిందికి దిగుతుంది. 2024 జూన్ 24న ఆ గుట్ట జారిపోయింది. దాదాపు 40 లక్షల టన్నుల రాయి కదిలింది, అందులో సగం వరకు కట్టలు దాటి బయటపడింది. సయనైడ్ కలిసిన నీళ్లు కోట్ల లీటర్లలో బయటికొచ్చాయి. దిగువన సాల్మన్ చేపలున్న వాగులు ఉన్నాయి. ఆగస్టు వచ్చేసరికి యూకాన్ ప్రభుత్వం కోర్టుకెళ్లి కంపెనీని రిసీవర్ చేతికి అప్పగించేలా చేసింది. అక్కణ్నుంచి నీళ్లు శుద్ధి చేసే ఖర్చు ముందుగా పెట్టాల్సి వచ్చింది ఆ ప్రభుత్వమే. ఈ గనికి అనుమతులిచ్చింది యూకాన్. తనిఖీ చేసింది యూకాన్. గని శుద్ధి ఖర్చు కోసం కంపెనీ ముందే కట్టే సెక్యూరిటీ డిపాజిట్ ఎంతుండాలో తేల్చిందీ యూకానే. ఈసారి ఫారోలాగా బిల్లు ఒట్టావాకు పంపే దారి లేదు.

నునావుట్‌కు ఇక్కడ నేర్చుకోవాల్సింది చాలా ఉంది. దానికీ సొంత అనుభవం ఉంది. 2006లో తెరిచిన జెరికో వజ్రాల గని 2008లో మూతపడింది. తర్వాత చేతులు మారి, కొన్నేళ్లకే కొత్త యజమాని కూడా వదిలేసి వెళ్లాడు. ఆ చోటును చక్కబెట్టింది కేంద్రం. 2027 తర్వాత అలాంటిది జరిగితే ఆ కేంద్రం స్థానంలో ఇకాలుయిట్ ఉంటుంది. కాబట్టి కొత్త ప్రభుత్వం చేయాల్సిన మొదటి గట్టి పని కొత్త గనులకు రిబ్బన్ కత్తిరించడం కాదు. ఉన్న ప్రతి గని దగ్గర డిపాజిట్ సరిపోతుందో లేదో తిరిగి లెక్క వేయించడం, మొత్తం సొమ్ము చేతికొచ్చే దాకా తవ్వకం మొదలు కానివ్వకపోవడం. కంపెనీలు ఒత్తిడి తెస్తాయి, ఉద్యోగాలు పోతాయంటాయి. వాయిదాల్లో కడతామంటాయి. ఈ ఒక్క చోట మెత్తబడితే తర్వాత కట్టేది పిల్లల బడి డబ్బే.

కుర్చీలో ఎవరు కూర్చుంటారు?

డిపాజిట్ లెక్క వేయాలంటే ఇంజనీర్లు కావాలి. నీటి నమూనాలు చూడటానికి రసాయన శాస్త్రం తెలిసినవాళ్లు కావాలి. లీజులు రాసే లాయర్లు, గుట్ట చుట్టూ తిరిగి పగుళ్లు చూసే ఇన్‌స్పెక్టర్లు కావాలి. 37 వేల జనాభాలో వీళ్లంతా ఎక్కడున్నారు?

1993 ఒప్పందంలోని 23వ అధికరణం ప్రకారం ప్రభుత్వ ఉద్యోగాల్లో ఇన్యూట్‌ల వాటా జనాభాలో వాళ్ల వాటాకు తగ్గట్టు, అంటే 85 శాతం దగ్గర ఉండాలి. టెరిటరీ పుట్టి పాతికేళ్లు దాటినా అది సగం దగ్గరే ఆగిపోయింది. సాంకేతిక, ఉన్నత ఉద్యోగాల్లో ఇంకా తక్కువ. దక్షిణాది నుంచి రెండు మూడేళ్ల కాంట్రాక్టు మీద వచ్చి వెళ్లిపోయేవాళ్లతోనే చాలా శాఖలు నడుస్తున్నాయి.

దీనికి మూలం ఎక్కడుందో థామస్ బర్జర్ 2006లోనే రాశారు. 1970ల్లో మెకంజీ లోయ గ్యాస్ పైపులైను మీద విచారణ జరిపి, ఊరూరా తిరిగి డెనె, ఇన్యూట్ ప్రజల మాటలు విని, ముందు భూమి హక్కులు తేల్చండి, పదేళ్లు పైపులైను మాట ఎత్తకండి అని 1977లో చెప్పిన న్యాయమూర్తి ఆయనే. మూడు దశాబ్దాల తర్వాత నునావుట్‌లో మధ్యవర్తిగా వచ్చి, ఉద్యోగాల సమస్యకు వేరు బడిలో ఉందన్నారు. ఇన్యూట్‌ల భాష ఇనుక్‌టిటుట్‌లో మొదలైన చదువు నాలుగైదు తరగతుల్లో ఒక్కసారిగా ఇంగ్లీషులోకి మారడంతో పిల్లలు రెండు భాషల్లోనూ గట్టిపడక నలుగురిలో ముగ్గురు మధ్యలోనే బడి మానేస్తున్నారని ఆయన గమనించారు. రెండు భాషల బడి కోసం కేంద్రం డబ్బు పెట్టాలని సూచించారు. ఆ సూచన అమలు కాలేదు. అదే 2006లో ఇన్యూట్ సంస్థ కేంద్రం మీద దావా వేసింది. 2015లో 25.55 కోట్ల డాలర్లకు రాజీ కుదిరింది. అందులో 17.5 కోట్లు శిక్షణకు కేటాయించారు.

2024 ఒప్పందంలో కూడా శిక్షణకు వేరుగా నిధులున్నాయి, ఇన్యూట్ ఉద్యోగుల కోసం ప్రణాళిక ఉంది. కానీ పదో తరగతి పిల్లను గని ఇన్‌స్పెక్టర్‌ని చేయడానికి మూడేళ్లు చాలవు. బదిలీ తేదీని చూసి వేసుకునే ప్రణాళికతో ఈ పని జరగదు. ఇరవై ఏళ్ల లెక్కతో బడి నుంచి మొదలుపెట్టాలి. లేకపోతే ఒట్టావా అధికారి కుర్చీ ఇకాలుయిట్‌కు వస్తుంది, కూర్చునేది మాత్రం ఒట్టావా నుంచి వచ్చిన మనిషే అవుతాడు.

ఒప్పందంలో లేని సముద్రం

2027లో బదిలీ అయ్యేది నేల మాత్రమే. సముద్రం, సముద్రం అడుగున ఉన్నది కేంద్రం దగ్గరే ఉంటాయి. వాటి గురించి తర్వాత మాట్లాడుకుందామని ఒప్పందం అంటోంది. ఒట్టావా దృష్టిలో నేల, సముద్రం రెండు వేర్వేరు శాఖలు. ఇన్యూట్‌లకు ఏడాదిలో ఎక్కువ నెలలు సముద్రం గడ్డకట్టి ఉంటుంది. అదే వాళ్ల దారి, అదే వేట నేల.

ఈ తేడా ఎంత దూరం వెళ్తుందో బాఫిన్ ద్వీపం ఉత్తరాన ఉన్న మేరీ రివర్ ఇనుప ఖనిజం గని చూస్తే తెలుస్తుంది. అక్కడ తవ్విన ఖనిజాన్ని దాదాపు వంద కిలోమీటర్లు లారీల్లో మిల్న్ ఇన్‌లెట్ రేవుకు తెచ్చి, మంచు లేని నెలల్లో ఓడల్లో పంపుతారు. కంపెనీ ఆ దారిలో రైలు వేసి, ఎగుమతిని ఏటా 60 లక్షల టన్నుల నుంచి 1.2 కోట్ల టన్నులకు పెంచుతామంది. ఆ ప్రాంతంలోని పాండ్ ఇన్‌లెట్ ఊరి వేటగాళ్లు ఒప్పుకోలేదు. ఎర్రటి దుమ్ము మంచు మీద పరుచుకుంటోందని, ఓడల రొదకు పొడవాటి దంతమున్న నార్వాల్ తిమింగలాలు ఆ నీళ్లలోకి రావడం తగ్గించాయని వాళ్లు చెప్పారు. 2021 ఫిబ్రవరిలో, ముప్పై డిగ్రీల మైనస్ చలిలో, కొందరు వేటగాళ్లు గని విమానాల రన్‌వే మీద, రోడ్డు మీద రోజుల తరబడి అడ్డంగా కూర్చున్నారు. 2022 మేలో ప్రభావ సమీక్ష బోర్డు ఆ విస్తరణ వద్దని సిఫారసు చేసింది. నవంబరులో కేంద్ర మంత్రి డాన్ వాండల్ దాన్ని ఒప్పుకుని విస్తరణను తిరస్కరించారు.

ఇలాంటి ఫైలు రేపు మళ్లీ వస్తే? రైలు మార్గం, రోడ్డు, వాగుల నీళ్లు ఇకాలుయిట్ చూస్తుంది. ఓడలు, నార్వాల్‌లు తిరిగే నీళ్లు ఒట్టావా చూస్తుంది. పాండ్ ఇన్‌లెట్ వేటగాడికి అది ఒకే గొడవ. రెండు ప్రభుత్వాల మధ్య అది సగం సగం అయితే, ఎవరికి వారు తమ సగం బాగానే ఉందనే ప్రమాదం ఉంది.

పక్కనే ఉన్న గ్రీన్‌లాండ్‌కు డెన్మార్క్ 2009 చట్టంతో ఖనిజాల అధికారం ఇచ్చినప్పుడు సముద్రగర్భాన్ని వేరు చేయలేదు. ఖనిజాల ఆదాయంలో ఏటా మొదటి 7.5 కోట్ల క్రోనర్లు గ్రీన్‌లాండ్‌వే. ఆపైన వచ్చే దాంట్లో సగానికి సమానంగా డెన్మార్క్ గ్రాంటు తగ్గుతుంది. గరిష్ఠ పరిమితి ఏదీ లేదు. 2021 ఏప్రిల్ ఎన్నికలు చాలావరకు ఒకే గని చుట్టూ, క్వానెఫ్‌యెల్డ్ యురేనియం, అరుదైన ఖనిజాల ప్రాజెక్టు చుట్టూ జరిగాయి. వద్దన్న పార్టీ గెలిచింది, ఆ ఏడాదే యురేనియం తవ్వకాన్ని నిషేధించింది. దానికి కంపెనీ నష్టపరిహారం అడిగింది, ఆ గొడవ వేరు. కానీ ఒక గని కావాలా వద్దా అని అక్కడి జనం ఓటేసి తేల్చుకోగలిగారు.

నునావుట్ నేతలు సముద్రం మాటను 2027 తర్వాతి చర్చలకు వదిలేయడం అర్థం చేసుకోదగ్గదే. 2008లో చర్చల పద్ధతి మీద సంతకాలు జరిగితే, సూత్రప్రాయ ఒప్పందానికి 2019 ఆగస్టు దాకా, తుది ఒప్పందానికి 2024 దాకా పట్టింది. చేతికందింది ముందు తీసుకోవడం తెలివైన పనే. నార్త్‌వెస్ట్ టెరిటరీస్ అనుభవం మాత్రం ఇక్కడ పెద్దగా భరోసా ఇవ్వదు. అక్కడ కూడా 2014లో సముద్రాన్ని తర్వాతికి వదిలారు. 2016 డిసెంబరులో ఆర్కిటిక్ సముద్రంలో కొత్త చమురు లైసెన్సులు ఆపేస్తున్నట్టు ట్రూడో అమెరికా అధ్యక్షుడితో కలిసి ప్రకటించినప్పుడు, తమను ముందుగా సంప్రదించలేదని అక్కడి ప్రీమియర్ బాబ్ మెక్‌లాడ్ బహిరంగంగానే మండిపడ్డారు. చమురు తవ్వకం ఆపడం మంచిదా కాదా అన్నది ఒక చర్చ. ఆ తీరంలో బతికేవాళ్లను అడగకుండా ఆపడం మాత్రం తప్పే. సముద్రం మీద తర్వాత మాట్లాడదామన్న ఆ వాక్యానికి ఒక గడువు తేదీ రాయించుకోవడం 2027 ఏప్రిల్ లోపు నునావుట్ చేయగలిగిన పనుల్లో ఒకటి.